పిల్లల దగ్గరికి అమెరికా వెళ్తున్నారా? ఒక వారం ఇద్దరూ గుర్రాల మీద గడపడం ఎలా

అనంతపురంలో మా వీధి నుంచే నలుగురైదుగురు దంపతులు పిల్లల దగ్గరికి అమెరికా వెళ్లి వస్తుంటారు. తిరిగొచ్చాక వాళ్లు చెప్పేది దాదాపు ఒకటే. పగలంతా పిల్లలు ఆఫీసు పనిలో ఉంటారు, మనకు అక్కడ కారు నడపడం రాదు, ఇద్దరూ ఇంట్లో కూర్చుని సాయంత్రం ఎప్పుడవుతుందా అని చూడాలి. మేమూ మొదటిసారి అలాగే నాలుగు నెలలు గడిపాం. రెండోసారి డెన్వర్‌లో ఉన్న మా అమ్మాయి మా ఇద్దరినీ కొలరాడో కొండల్లోని ఒక గెస్ట్ రాంచ్‌కి వారం రోజులు పంపింది. అప్పటికి నాకు 53, మా ఆయనకు 58. ఇద్దరం అంతకుముందు గుర్రం ఎక్కినవాళ్లం కాదు. ముప్పై ఏళ్ల సంసారంలో మేమిద్దరం కలిసి కొత్తగా నేర్చుకున్నది ఏదైనా ఉందంటే అదే. అందుకే మన ఊళ్ల నుంచి వెళ్లే దంపతుల కోసం ఇది రాస్తున్నాను. సరిగ్గా సిద్ధమైతే మీరూ చేయగలరు.

గెస్ట్ రాంచ్ అంటే ఏమిటో ముందు చెప్తాను. పశువులను, గుర్రాలను పెంచే పెద్ద పొలంలోనే అతిథులకు గదులు, భోజనం, రోజూ గుర్రపు స్వారీ, అన్నీ ఒకే ధరలో ఇస్తారు. దీన్నే డ్యూడ్ రాంచ్ అని కూడా అంటారు. తూర్పు నగరాల నుంచి వచ్చే పట్నం వాళ్లను అక్కడివాళ్లు డ్యూడ్‌లు అనేవారట. ఈటన్ అన్నదమ్ములు 1879లో డకోటాలో మొదలుపెట్టి 1904లో వయోమింగ్‌కి మార్చుకున్న రాంచ్‌ని ఈ పద్ధతికి మొదటిదిగా చెప్తారు. 1926లో ఈ రాంచ్‌ల వాళ్లంతా కలిసి ఒక సంఘం కూడా పెట్టుకున్నారు. ఏమీ రానివాళ్లకు గుర్రం ఎక్కడం నేర్పడంలో వాళ్లకు వందేళ్లకు పైబడిన అలవాటుంది. కాబట్టి 'మనకేం వస్తుంది' అని మొహమాటపడొద్దు.

మొదటి మెట్టు: నిజం రాసి పంపండి

బుక్ చేసుకునేటప్పుడు రాంచ్ వాళ్లు ఒక ఫారం పంపుతారు. వయసు, ఎత్తు, బరువు, గుర్రం ఎక్కిన అనుభవం, ఆరోగ్యం, తిండి అలవాట్లు అడుగుతారు. మీ వారం ఎలా గడుస్తుందో ఎక్కువ భాగం ఈ ఫారంతోనే తేలిపోతుంది.

బరువు విషయంలో అసలు మొహమాటం వద్దు. జీనుతో కలిపి గుర్రం తన బరువులో ఐదో వంతు వరకు మోయొచ్చన్నది అక్కడ ఎక్కువమంది పాటించే లెక్క. 450 కిలోల గుర్రం అయితే 90 కిలోలు. రాంచ్‌లలో వాడే వెస్టర్న్ జీనే 15 కిలోల దాకా ఉంటుంది. ఇక మనిషికి మిగిలేది 75. అంతకంటే బరువున్నవాళ్లకు పెద్ద గుర్రం చూడాలి. చాలా రాంచ్‌లలో 100 కిలోలకు కాస్త అటూ ఇటూగా ఒక హద్దు కూడా ఉంటుంది. మా ఆయన రెండేళ్ల కిందటి బరువు గుర్తుపెట్టుకుని 84 రాశారు. అక్కడికి వెళ్లాక తూకం వేస్తే 92. ఆయన కోసం ఎంచిన గుర్రాన్ని వెనక్కి తీసుకెళ్లి, సరిపోయే ఇంకో గుర్రాన్ని తెచ్చేసరికి మొదటి రోజు పొద్దుటి స్వారీ అయిపోయింది. నేను వెళ్లాను, ఆయన కంచె దగ్గర నిలబడిపోయారు. వయసుతో పాటు ఎనిమిది కిలోలు పెరగడం తప్పేమీ కాదు. చెప్పకపోతే మాత్రం ఆ బరువు గుర్రం వీపు మీద పడుతుంది.

మోకాళ్ల నొప్పి, నడుము నొప్పి, బీపీ, షుగర్, పాత ఆపరేషన్లు అన్నీ రాయండి. రక్తం పలుచబడే మాత్రలు వేసుకునేవాళ్లు, ఎముకలు బోలుగా మారాయని డాక్టర్ చెప్పినవాళ్లు, వెన్నుపూస జారినవాళ్లు డాక్టర్‌ని అడగకుండా డబ్బు కట్టొద్దు. గుర్రం ఎంత సాధువైనా పడే అవకాశం ఎప్పుడూ ఉంటుంది. పడితే వాళ్లకు అది చిన్న దెబ్బ కాదు.

భయం ఉంటే అది కూడా రాయండి. 'కుక్క మీదికొస్తేనే నాకు గుండె దడ' అని నేను రాయలేదు. రాసి ఉండాల్సింది. ఆ సంగతి తర్వాత చెప్తాను.

ఎప్పుడు, ఎంతకు, ఏ బీమాతో

ఎక్కువ రాంచ్‌లు మే చివర నుంచి సెప్టెంబర్ దాకా నడుస్తాయి. జూన్, జులై, ఆగస్టుల్లో పిల్లలున్న కుటుంబాలు నిండిపోతాయి. మన వయసు దంపతులకు సెప్టెంబర్ మేలు. చాలా చోట్ల ఆ నెలలో పెద్దవాళ్లకు మాత్రమే వారాలు పెడతారు, ధర కూడా కొంత తగ్గుతుంది. కొలరాడోలో ఆస్పెన్ చెట్లు పసుప్పచ్చగా మారేది కూడా అప్పుడే. మీరు అమెరికాలో ఉండే ఆరు నెలలను జూన్‌కి బదులు ఆగస్టు నుంచి లెక్కేసుకుంటే సరిపోతుంది.

ఖర్చు తక్కువేం కాదు. మంచి రాంచ్‌లో వారానికి ఒక్కొక్కరికి రెండు వేల డాలర్లు దాటడం మామూలే. పైన సిబ్బందికి టిప్ ఉంటుంది. బిల్లులో పదిహేను నుంచి ఇరవై శాతం దాకా ఇవ్వడం అక్కడి మర్యాద, దాన్ని ముందే లెక్కలో వేసుకోండి. గుర్రం గుడ్డిదైనా దాణాకు తక్కువ లేదన్నట్టు, మీరు రోజుకు గంటే ఎక్కినా వారం డబ్బు వారం డబ్బే. వారం వద్దనుకుంటే మూడు రాత్రులకు ఒప్పుకునే రాంచ్‌లూ ఉన్నాయి, అడగండి.

ప్రయాణానికి తీసుకునే మెడికల్ ఇన్సూరెన్స్‌లో గుర్రపు స్వారీని మినహాయించారేమో తప్పకుండా చూడండి. 'అడ్వెంచర్ స్పోర్ట్స్' అనే మాట కింద చాలా పాలసీలు దాన్ని పక్కన పెట్టేస్తాయి. కాస్త ఎక్కువ కట్టి చేర్పించుకోవచ్చు. అమెరికాలో ఎమర్జెన్సీ బిల్లు ఎలా ఉంటుందో పిల్లలను అడిగితే చెప్తారు. ధనుర్వాతం ఇంజక్షన్ వేయించుకుని పదేళ్లు దాటితే ఇక్కడే వేయించుకుని వెళ్లండి.

మూడు నెలల ముందు నుంచి ఒంటిని సిద్ధం చేయడం

గుర్రం మోస్తుంది, మనం కూర్చుంటాం అనుకుంటే పొరపాటు. తొడల లోపలి కండరాలు, నడుము, కడుపు, మడమలు అన్నీ పనిచేయాలి. మనలాంటి వాళ్లకు జిమ్ అక్కర్లేదు.

గోడకుర్చీ వేయండి. అవును, బడిలో అయ్యవారు వేయించిన గోడకుర్చీనే. వీపు గోడకు ఆనించి, మోకాళ్లు వంచి, కుర్చీలో కూర్చున్నట్టు నిలబడాలి. మొదట పదిహేను సెకన్లు, మెల్లగా నిమిషం దాకా. తొడలకు ఇంతకన్నా మంచి సాధన నాకు కనిపించలేదు. మోకాలు నొప్పి పుడితే అంత కిందికి వంగొద్దు.

రోజూ కాసేపు నేల మీద బాసింపట్టు వేసుకుని కూర్చోండి. డైనింగ్ టేబుల్‌కి అలవాటు పడి తుంటి కీళ్లు బిగుసుకుపోయినవాళ్లకు గుర్రం మీద కాళ్లు ఎడంగా పెట్టడమే మొదటి కష్టం. అరికాళ్లు రెండూ కలిపి, మోకాళ్లు పక్కలకు వదిలేసి కూర్చుంటే తొడల లోపలి భాగం సాగుతుంది. రికాబులో, అంటే జీనుకు వేలాడే, పాదం పెట్టే కడియంలో, మడమ కిందికి ఉండాలి కాబట్టి ఇంకోటి కూడా చేయండి. మెట్టు అంచు మీద మునివేళ్లతో నిలబడి, గోడ పట్టుకుని మడమలు కిందికి దించండి.

మేం పొద్దున ఆర్ట్స్ కాలేజీ గ్రౌండ్‌లో నడిచేవాళ్లం. ఆదివారాలు రెండుసార్లు గుత్తి కోట ఎక్కాం. అక్కడి ఎక్కుడుకు ఆయాసపడకుండా మాట్లాడుతూ నడవగలిగితే మీ ఊపిరి బాగానే ఉన్నట్టు. వేసవిలో అయితే ఎండెక్కక ముందే దిగిపోవాలి.

వెళ్లకముందే నాలుగు పాఠాలు

ఇక్కడ ఊరేగింపులకు తెచ్చే పెళ్లి గుర్రం ఎక్కి నేర్చుకోవాలని చూడకండి. అది బ్యాండు మోతలో మెల్లగా నడవడానికి అలవాటు పడిన గుర్రం. జీను సరిగ్గా ఉండదు, నేర్పేవాళ్లు ఉండరు.

మనకు దగ్గర బెంగళూరే. అనంతపురం నుంచి 44వ నంబర్ హైవే మీద పెనుకొండ, బాగేపల్లి, చిక్కబళ్లాపుర దాటి దాదాపు 210 కిలోమీటర్లు. ఊరి ఉత్తరం వైపున, దేవనహళ్లి దారిలో రైడింగ్ స్కూళ్లు ఉన్నాయి. రెండు వారాంతాలు వెళ్లి తలా నాలుగు పాఠాలు నేర్చుకుంటే చాలు. గుర్రం దగ్గరికి వెళ్లడం, ఎక్కడం, దిగడం, ఆపడం, ట్రాట్‌లో, అంటే గుర్రం చిన్నగా పరుగెత్తేటప్పుడు, పైకి లేచి కూర్చోవడం వస్తే మీకు సగం టెన్షన్ పోతుంది. అక్కడ నేర్పేది ఇంగ్లిష్ జీను మీద, రెండు చేతులతో పగ్గాలు పట్టుకుని. అమెరికా రాంచ్‌లో జీను ముందు భాగాన పట్టుకోవడానికి కొమ్ములాంటిది ఉంటుంది, పగ్గాలు ఒక్క చేత్తో పట్టుకుంటారు. తేడా ఉంటుందని తెలిసి వెళితే కంగారుండదు.

అమెరికా వెళ్లే పని లేని దంపతులు కూడా ఈ దారిలోనే మొదలుపెట్టొచ్చు. రాజస్థాన్ షెకావటి ప్రాంతంలో పాత కోటల నుంచి మార్వాడీ గుర్రాల మీద సఫారీలు నడుస్తాయి. చలికాలం దానికి తగిన కాలం. చెవుల కొనలు లోపలికి తిరిగి ఒకదానికొకటి తాకుతున్నట్టు ఉండే ఆ గుర్రాలను చూడాలని నాకు ఇప్పటికీ ఉంది.

పెట్టెలో ఏం పెట్టుకోవాలి

బూట్లు అన్నిటికన్నా ముఖ్యం. చీలమండ పైకి రావాలి, అంగుళం మడమ ఉండాలి, అడుగు మరీ గరుకుగా ఉండకూడదు. మడమ లేని స్పోర్ట్స్ షూ రికాబులోంచి ముందుకు జారిపోతుంది. పడినప్పుడు కాలు అందులో ఇరుక్కుంటే గుర్రం ఈడ్చుకుపోతుంది. కొత్త బూట్లు వేసుకుని నేరుగా గుర్రం ఎక్కొద్దు, కనీసం మూడు వారాలు నడిచి మెత్తబరచండి.

జీన్స్ కొనేటప్పుడు తొడ లోపలి కుట్టు వేలితో తడిమి చూడండి. లావుగా ఉంటే రెండో రోజుకు చర్మం ఒరుసుకుపోతుంది. లోపల సైకిల్ షార్ట్స్ వేసుకుంటే బాధ ఉండదు. చీర గానీ, చున్నీ గానీ గుర్రం మీద పనికిరావు. నేను పెళ్లయ్యాక మొదటిసారి జీన్స్ వేసుకున్నది అక్కడే. ఒక్క పూటలో అలవాటైంది.

ఆడవాళ్లకు ఇంకో మాట. మంగళసూత్రం గొలుసు పొడవుగా ఉంటే చొక్కా లోపలికి వేసి పిన్ను పెట్టుకోండి. గాజులు, ఉంగరాలు, వేలాడే కమ్మలు తీసేయండి. పగ్గం ఉంగరానికి చిక్కుకుంటే వేలికే ప్రమాదం. మెట్టెలు బూటులో నొక్కుకుని వేలు వాచిపోతుంది. తీయడానికి మనసొప్పకపోతే ఆ వారానికి సన్నటి తీగ మెట్టెలు వేసుకుని పైన మందపాటి సాక్సు తొడగండి. నేను అలాగే చేశాను.

వాన కోటు, రాత్రి చలికి స్వెటర్, పొడుగు చేతుల చొక్కాలు, సన్‌స్క్రీన్, పెదవులకు రాసుకునేది, పెట్రోలియం జెల్లీ పెట్టుకోండి. వేసవి మధ్యాహ్నాల్లో కొలరాడో కొండల మీద ఉరుములతో వాన చటుక్కున వస్తుంది. హెల్మెట్ రాంచ్‌లోనే ఇస్తారు. అక్కడ చాలామంది కౌబాయ్ టోపీతోనే ఎక్కుతారు, ఎవరూ బలవంతపెట్టరు. మీరు మాత్రం అడిగి హెల్మెట్ పెట్టుకోండి. ఫోటోలకు టోపీ సాయంత్రం పెట్టుకోవచ్చు. టూవీలర్ హెల్మెట్ బరువెక్కువ, అది దీనికి పనికిరాదు.

తిండి గురించి కనీసం నెల ముందు రాయండి. రాంచ్ అంటే గొడ్డు మాంసం వంట ఎక్కువ. 'శాకాహారం' అని మాత్రమే రాస్తే చేప పెట్టవచ్చు. మాంసం, చేప, గుడ్డు, మాంసం ఉడికించిన నీళ్లు వీటిలో ఏవి వద్దో విడివిడిగా రాయాలి. బీన్స్, అన్నం, మొక్కజొన్న రొట్టెలు, కూరగాయలు దొరుకుతాయి. అమ్మాయి ఇంట్లో కొట్టుకున్న శెనక్కాయల పొడి సీసా ఒకటి తీసుకెళ్లాం, అదే మమ్మల్ని గట్టెక్కించింది. అయితే ఎలుగుబంట్లు తిరిగే చోట గదిలో గానీ కారులో గానీ తిండి ఉంచనివ్వరు. దిగగానే అడిగి వాళ్ల వంటింట్లో పెట్టండి.

ఎత్తు ప్రదేశం

అనంతపురం సముద్ర మట్టానికి 335 మీటర్ల ఎత్తులో ఉంటుంది. డెన్వర్ 1,600 మీటర్ల పైన. కొలరాడో రాంచ్‌లు చాలావరకు 2,400 మీటర్లు దాటి ఉంటాయి. విమానం దిగిన మర్నాడే వెళ్లకండి. డెన్వర్‌లో కనీసం మూడు నాలుగు రోజులు ఉండి వెళ్లండి. దాహం లేకపోయినా నీళ్లు తాగండి. మొదటి రోజు తలనొప్పి, ఆయాసం ఉంటే విశ్రాంతి తీసుకోండి. తగ్గకుండా పెరుగుతుంటే కిందికి దిగిపోవాలి, అందులో సందేహం వద్దు.

గుర్రం దగ్గర

రాంచ్‌లో గుర్రాలను చూసుకునేవాళ్లను రాంగ్లర్లు అంటారు. మొదటి రోజు మీతో మాట్లాడి, మీరెలా ఉన్నారో చూసి వారమంతటికీ ఒకే గుర్రాన్ని ఇస్తారు. ఎక్కువగా క్వార్టర్ హార్స్ జాతివి. పావు మైలు పందెంలో మిగతా జాతులను మించిన వేగం వల్ల వాటికా పేరు. పొద్దుటి పూట మాత్రం మనింటి ఆవుల్లా నెమ్మదిగా నిలబడి ఉంటాయి.

ముందు నుంచి సూటిగా గానీ, వెనక నుంచి గానీ దగ్గరికి పోవద్దు. గుర్రం కళ్లు తలకు రెండు పక్కలా ఉంటాయి. చుట్టూ దాదాపు అంతా కనబడుతుంది గానీ సరిగ్గా ముక్కు ముందు, తోక వెనక కనబడదు. ఎడమ భుజం వైపు నుంచి మాట్లాడుతూ వెళ్లండి. తెలుగులోనే మాట్లాడండి, దానికి కావాల్సింది మీ గొంతు. మెడ మీద చెయ్యి వేయండి. చెవులు మీవైపు తిరిగితే మీ మాట వింటోందని, వెనక్కి అంటుకుపోతే కోపంగా ఉందని తెలుసుకోండి. అడగకుండా ఏమీ తినిపించొద్దు. మన వైపు గుర్రాలకు ఉలవ గుగ్గిళ్లు పెడతారు, ఇంగ్లిష్‌లో ఉలవలకు హార్స్ గ్రామ్ అన్న పేరు అందుకే. అక్కడ ఎండుగడ్డే ప్రధానం. మా రాంగ్లర్‌కి ఉలవల గురించి చెప్తే ఎంతో ఆసక్తిగా విన్నాడు.

ఎక్కే ముందు పొట్ట కింది పట్టీ బిగువుగా ఉందో లేదో రాంగ్లర్‌ని చూడమనండి. కొన్ని గుర్రాలు పట్టీ బిగించేటప్పుడు పొట్ట ఉబ్బించి, తర్వాత వదులుతాయి. అందుకే కాసేపు నడిచాక ఇంకోసారి చూడాలి. ఎక్కడానికి మెట్ల బల్ల ఉంటుంది, మోకాళ్లు బాగున్నా అది వాడండి. మన మోకాలికీ గుర్రం వీపుకీ మంచిది. ఎడమ చేత్తో పగ్గాలు, జూలు కలిపి పట్టుకుని, ఎడమ కాలు రికాబులో పెట్టి, కుడి కాలు గుర్రానికి తగలకుండా తిప్పి, ధబేలున కాకుండా మెల్లగా కూర్చోవాలి.

కూర్చున్నాక పాదం ముందు భాగమే రికాబులో ఉండాలి, మడమ కిందికి. చూపు నేల మీద కాదు, గుర్రం చెవుల మధ్య నుంచి దూరంగా. కుడికి తిప్పాలంటే పగ్గాలున్న చేతిని కుడివైపు జరపండి. ఎడమ పగ్గం మెడకు ఆనగానే అది తిరుగుతుంది. ఆపాలంటే లోతుగా కూర్చుని, ఊపిరి వదిలి, పగ్గాలు మెల్లగా వెనక్కి తీసుకోండి. గుంజొద్దు, దాని నోరు చాలా సున్నితం. ఎక్కుడులో కాస్త ముందుకు వంగాలి, దిగుడులో నిటారుగా ఉండి బరువు వెనక్కి ఉంచాలి. ముందు గుర్రానికీ మీ గుర్రానికీ మధ్య ఒక గుర్రమంత దూరం ఉండనివ్వండి. దారిలో ఫోన్ తీయొద్దు.

ఇద్దరూ ఒకే గుంపులో ఉండాలన్న పట్టింపు వద్దు

నేను అన్నిటికన్నా గట్టిగా చెప్పదలచుకున్నది ఇదే. స్వారీలు మెల్లగా నడిచేవి, మధ్యరకం, వేగంగా పోయేవి అని గుంపులుగా వెళ్తాయి. మా ఆయనకు రెండు రోజుల్లోనే ధైర్యం వచ్చింది. ఆయన మధ్యరకం గుంపులో చేరితే నేనూ వెంట వెళ్లాను. అక్కడ అందరూ గుర్రాలను లోప్ చేయించారు. లోప్ అంటే మన దౌడుకు కాస్త తక్కువ. వద్దని చెప్పడానికి నాకు నోరు రాలేదు. నా కుడి కాలు రికాబులోంచి జారిపోయింది. జీను కొమ్ము రెండు చేతులతో పట్టుకుని వేలాడుతున్నట్టు కూర్చున్నాను. ముందున్న రాంగ్లర్ వెనక్కి చూసి గుంపు మొత్తాన్ని ఆపాడు. పడలేదు గానీ ఆ రాత్రంతా చేతులు వణికాయి. ఇన్నేళ్లూ ఆయన ఎక్కడికంటే అక్కడికి వెంట వెళ్లడమే నా అలవాటు. నాకు భయంగా ఉందని అంతకుముందు ఎప్పుడూ ఆయనతో అనలేదు. ఆ రాత్రి అన్నాను.

మర్నాటి నుంచి పొద్దున ఆయన గుంపు వేరు, నా గుంపు వేరు. మధ్యాహ్నం ఇద్దరం మెల్లగా నడిచే గుంపులో పక్కపక్కన. సాయంత్రం ఆయన చూసింది ఆయన, నేను చూసింది నేను చెప్పుకునేవాళ్లం. మాకు అంత మాట్లాడుకోవడం ఎన్నేళ్ల తర్వాతో. మీరూ మొదటి రోజే రాంగ్లర్‌తో 'మా ఇద్దరినీ విడివిడిగా చూడండి' అని చెప్పండి. వేగం పెంచే ముందు చెయ్యెత్తి 'నడక చాలు' అనే హక్కు మీకుంది. చెయ్యెత్తితే అక్కడ ఎవరూ చిన్నచూపు చూడరు. ఇంగ్లిష్ రాకపోతే 'వాక్ ఓన్లీ', 'స్టాప్', 'స్కేర్డ్' ఈ మూడు మాటలు చాలు.

రెండు, మూడో రోజుల్లో ఒళ్లు బాగా నొప్పులు పుడుతుంది. వేడినీళ్ల స్నానం చేసి, కాసేపు నడిచి పడుకోండి. కావాలంటే ఒక పూట మానేయండి. కొందరికి వారం మధ్యలో ఒక రోజు పూర్తి సెలవు పెట్టుకోవడమే మంచిది. నాలుగో రోజుకు శరీరం సర్దుకుంటుంది.

దిగేటప్పుడు ముందు రెండు కాళ్లూ రికాబుల్లోంచి తీసి, గుర్రాన్ని ఆనుకుని జారుతూ దిగండి. ఎక్కువసేపు కూర్చున్నాక, పాదాలు నేలకు తగలగానే మోకాళ్లు వంగిపోతాయి. అందుకే జీను పట్టుకునే ఉండి, కాళ్లు నిలదొక్కుకున్నాక వదలండి.

చివరి రోజు

టిప్ కవరు ఆఫీసులో ఇస్తే సిబ్బంది అందరికీ పంచుతారు. మీ రాంగ్లర్‌కి విడిగా ఇవ్వొచ్చా అని అడగండి, ఒక్కో చోట ఒక్కో పద్ధతి. బయలుదేరే ముందు గుర్రాన్ని బ్రష్ చేయనిస్తారా అని కూడా అడగండి, చాలావరకు ఒప్పుకుంటారు. మా ఆయన తన గుర్రం దగ్గర అరగంట ఉండిపోయారు. నేనూ తొందరపెట్టలేదు.

బూట్ల అడుగున అంటిన మట్టి, పేడ అక్కడే పుల్లతో గీకి, కడిగి, పూర్తిగా ఆరాకే పెట్టెలో పెట్టండి. పశువుల కొట్టాల మట్టితో విమానం ఎక్కకూడదు. తడి బూట్లలో పాత పేపర్లు కుక్కి నీడలో ఉంచితే తెల్లారేసరికి ఆరతాయి.